క్లౌడ్‌లో డేటా సైన్స్ సేవలు: ఖమ్మం–భద్రాద్రి మిరప సీమలో వ్యాపారం, భద్రత

డేటా సైన్స్ సేవ అంటే పోగుపడిన సమాచారంలోంచి ఒక అంచనానో సలహానో తీర్పునో తీసి, దానితో అవసరమున్న మనిషి చేతికి అందించడం. అందుకు కావలసిన కంప్యూటర్లను కొని పెట్టుకోకుండా, ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్నవాటిని వాడుకున్నంత మేరకు అద్దె కట్టి నడిపితే అది క్లౌడ్ సేవ అవుతుంది. 2006లో అమెజాన్ నిల్వ స్థలాన్నీ కంప్యూటింగ్ శక్తినీ ఇలా అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2011లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ క్లౌడ్‌కు రాసిన నిర్వచనాన్నే ఇప్పటికీ అందరూ ప్రామాణికంగా చెప్పుకుంటారు. పాఠ్యపుస్తకాలు ఈ విషయాన్ని బ్యాంకులు, ఆసుపత్రులు, ఆన్‌లైన్ దుకాణాల ఉదాహరణలతో వివరిస్తాయి. తెలుగు నేల మీద అంతకంటే మంచి ఉదాహరణ మిరప చేలో ఉంది. అక్కడ రైతుకు సంబంధించిన ఏ సంగతి, ఎవరికి, ఎప్పుడు తెలుస్తుందన్నదాన్ని బట్టే పంట ధర, సర్కారు సాయం, కొన్నిచోట్ల భూమి మీద హక్కు కూడా మారిపోతాయి. అందువల్ల ఈ సీమలో క్లౌడ్ సేవ వ్యాపారంగా నిలబడుతుందా అన్న ప్రశ్నా, అది భద్రంగా ఉందా అన్న ప్రశ్నా ఒకటేనన్నది ఈ వ్యాసం వాదన.

ఈ సంగతి జూలూరుపాడు నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం పోయే దారిలో, మైదానం అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న మండల కేంద్రం ఇది. పత్తి, మిరప, వరి ఇక్కడి పంటలు. లంబాడీ తండాలు, కోయ గూడేలు చుట్టూ ఉన్నాయి. సాగులో కొంత పోడు భూమి, అంటే అడవి కొట్టి సాగుచేసుకున్న నేల. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో జూలూరుపాడు ఖమ్మం నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. శాసనసభ నియోజకవర్గం మాత్రం వైరాయే, వైరా ఉన్నది ఖమ్మం జిల్లాలో. మిరప బస్తాలు తూగే పెద్ద మార్కెట్టూ ఖమ్మంలోనే. ఇది పాలనాపరమైన చిన్న వివరంలా కనిపిస్తుంది గానీ డేటాతో పనిచేసేవాళ్లకు ఇది పెద్ద గుంట. 2016కు ముందు జిల్లా స్థాయిలో వేసిన సాగు విస్తీర్ణం లెక్కల్లో జూలూరుపాడు ఖమ్మంలో కలిసి ఉంది, ఆ తర్వాత లేదు. ఈ విభజన సంగతి చెప్పకుండా లెక్కలను అంచనాలు వేసే కంప్యూటర్ మోడల్‌కు అప్పగిస్తే ఖమ్మంలో సాగు ఒక్క ఏడాదిలో కుంగిపోయిందని అది నమ్ముతుంది. మోడల్ ఎంత గొప్పదైనా కావచ్చు, రెవెన్యూ పటం మారిన తేదీని ఎవరో మనిషి దానికి నేర్పాల్సిందే.

తెలుగు ప్రాంతంలో ఈ తరహా సేవకు తొలి ప్రయత్నాల్లో చెప్పుకోదగ్గది కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో జరిగింది. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 2016 ఖరీఫ్‌లో 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో ఎస్‌ఎంఎస్‌లో చెప్పాయి. ఆ మండలపు ముప్ఫై ఏళ్ల వాతావరణ లెక్కలను క్లౌడ్‌లో పెట్టి, తేమ సూచికలు గణించి, జూన్ చివరి వారం దాకా ఆగమన్నాయి. తొలకరి పడగానే అరక కట్టే అలవాటున్న నేలలో ఆగమని చెప్పడం చిన్న మాట కాదు. సలహా పాటించినవారి దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఆ సేవలో గమనించాల్సిన విషయం ఒకటుంది. రైతు నుంచి అది అడిగింది ఒక్క ఫోన్ నంబరే. పొలం హద్దులు, అప్పులు, పంట నాణ్యత ఏవీ క్లౌడ్‌కు ఎక్కలేదు. వర్షపు లెక్కలు అందరివీ కాబట్టి దాచాల్సినదీ పెద్దగా లేదు.

ఖమ్మం మిరప దగ్గరికి వచ్చేసరికి ఆ సౌలభ్యం లేదు. తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం కలిసి చేపట్టిన సాగు బాగు కార్యక్రమం తొలి దశలో ఖమ్మం జిల్లాలోని 7,000 మంది మిరప రైతులను ఎంచుకుంది. డిజిటల్ గ్రీన్ సంస్థ దాన్ని క్షేత్రంలో నడిపింది. తెలుగులో సలహా చెప్పే చాట్‌బాట్, మట్టి పరీక్ష, కెమెరాతో కాయ నాణ్యత కొలిచే సాంకేతికత, కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కలిపే వేదిక, అన్నీ ఒకే తాడుకు గుచ్చారు. ఎకరాకు దిగుబడి 21 శాతం పెరిగిందనీ, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువులు 5 శాతం తగ్గాయనీ, ధర 8 శాతం మెరుగైందనీ ఫోరం ప్రకటించింది. ఈ అంకెలను యథాతథంగా క్లౌడ్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. చేలోకి వెళ్లి మాట్లాడిన మనుషుల శ్రమ కూడా వాటిలో ఉంది. అయినా ఆ 8 శాతం దగ్గర కాస్త ఆగాలి. దిగుబడి పెరగడం మొక్కకు సంబంధించిన సంగతి. ధర పెరగడం మాత్రం సమాచారానికి సంబంధించినది: తన కాయ నాణ్యత ఏమిటో రైతుకు ముందుగా, రుజువుతో సహా తెలిస్తే బేరంలో అతని మాటకు బలం వస్తుంది. అదే రుజువు ముందుగా కొనేవాడి చేతిలో పడితే బలం అటు పోతుంది.

ఈ మాట అర్థం కావాలంటే ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి ఎలా అమ్ముడవుతుందో చూడాలి. పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. మేలైన తేజ రకం బస్తాల దగ్గర ఖరీదుదారులు పాడిన గరిష్ఠ ధరే ఆ రోజు జెండా ధర. మిగతా కుప్పలకు కాయ రంగు, తేమ, తాలు చూసి అంతకంటే తగ్గించి కడతారు. రైతు చేతికొచ్చే డబ్బు ఆ తగ్గింపు మీదే ఆధారపడి ఉంటుంది. ఇప్పుడు ఒక కంపెనీ ఈ ప్రాంతమంతటా కల్లాల్లో ఆరబోసిన కాయను ఫొటోలు తీయించి తేమ, రంగు, తాలు శాతం గణించే సేవ పెట్టిందనుకుందాం. రైతు ఫొటోలు తాళం వేసినట్టు భద్రంగా ఉన్నాయి, ఎవరూ దొంగిలించలేదు. కానీ ఆ కంపెనీకి డబ్బు కట్టే ఖాతాదారు పెద్ద ఖరీదుదారే. రేపు ఎన్ని బస్తాలు యార్డుకు వస్తాయో, అందులో తేమ ఎక్కువున్నవి ఎన్నో, ఏ ఊరి రైతులు ఇంకా రెండు రోజులు ఆరబెట్టలేక తొందరపడుతున్నారో అతని తెరమీద ముందు రోజు రాత్రే కనిపిస్తుంది. డేటాను సంకేత రూపంలోకి మార్చే ఎన్‌క్రిప్షన్ ఇక్కడ ఎందుకూ కొరగాదు, ఎందుకంటే చూస్తున్నవాడు దొంగ కాదు, అనుమతి ఉన్న ఖాతాదారు. ఒక్క రైతు పేరు బయటికి రాకపోయినా మొత్తం రైతుల బేరం బలహీనపడింది. భద్రత గురించి మామూలుగా రాసే పుస్తకాలు ఈ నష్టాన్ని నష్టంగా లెక్కపెట్టవు. పెట్టాలి. ఏ ఖాతాదారుకు ఏ లెక్క, ఎంత ఆలస్యంగా, ఎంత స్థూలంగా చూపాలన్నది సేవ అమ్మే ఒప్పందంలోనూ రాయాలి, సాఫ్ట్‌వేర్‌లోని అనుమతుల పట్టికలోనూ రాయాలి. రెండింటిలో ఏ ఒక్కచోట లేకపోయినా ఫలితం ఒకటే.

సాంకేతికంగా ఈ అనుమతులు ఎక్కడెక్కడ పనిచేస్తాయో ఒక ఆకు ఫొటో వెంట నడిస్తే తెలుస్తుంది. మిరప ఆకు పైకి ముడుచుకుంటే పైముడత, అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే కిందిముడత, అది నల్లి పని. మందులు వేరు, పొరపాటు పడితే ఖర్చు దండగ. రైతు ఫోన్‌తో తీసిన ఆ ఫొటోలో ఆకుతో పాటు తీసిన సమయం, ఫోన్ రకం, లొకేషన్ ఆన్‌లో ఉంటే పొలం అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉంటాయి. ఫొటో సంకేత రూపంలో ప్రయాణించి క్లౌడ్‌లో ఏపీఐ అనే ప్రవేశ ద్వారం దగ్గర ఆగుతుంది. పంపినవాడు నమోదైన వాడుకరేనా అని టోకెన్ చూసి లోపలికి వదులుతారు. తర్వాత నిల్వ స్థలంలో పడుతుంది. అక్కడి నుంచి మోడల్ ఉన్న కంటైనర్‌కు పోతుంది. కంటైనర్ అంటే మోడల్‌నూ దానికి కావలసిన సరంజామానూ ఒకే మూటగా కట్టి, ఎక్కడ విప్పినా ఒకేలా నడిచేలా చేసిన ఏర్పాటు. అది పైముడతకు ఎంత అవకాశముందో, కిందిముడతకు ఎంతో గణిస్తుంది, తెలుగులో జవాబు వెనక్కి వస్తుంది, జరిగినదంతా నమోదయ్యే చిట్టా అయిన లాగ్‌లో ఒక వరుస మిగులుతుంది. ఇంత తతంగంలో పొలం లొకేషన్ అవసరమైంది ఎక్కడ? ఆకు ముడత గుర్తించడానికైతే ఎక్కడా అక్కర్లేదు. తెగులు ఏ మండలంలో వ్యాపిస్తోందో తెలుసుకోవడానికి మండలం పేరు చాలు. అక్షాంశ రేఖాంశాలను ఫోన్‌లోనే తుడిచేసి పంపితే లోపల ఎవరు ఎంత పొరపాటు చేసినా అవి బయటికి పొక్కే ప్రశ్నే ఉండదు. తీసుకోని డేటాకు కాపలా అక్కర్లేదన్నంత తేలిక సూత్రం ఇది. అయినా ఎప్పుడో పనికొస్తుందని అన్నీ పోగేసుకునే అలవాటే ఎక్కువగా కనిపిస్తుంది.

రైతు దగ్గర దాచేదేముంది, ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. బ్యాంకు ఖాతా కాదు కదా, ఆకు బొమ్మే కదా అంటారు. ఈ ఆక్షేపణకు అడవి అంచు మండలాలే గట్టి జవాబు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు సాగుదారు 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి తన సాగులో ఉందని చూపాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు ఇచ్చింది. పట్టా వచ్చినవాళ్లూ రానివాళ్లూ పక్కపక్క చేలల్లో పని చేస్తుంటారు. పట్టా రాని రైతు తన పంట తెగులు గురించి పంపిన ఫొటోలో అక్షాంశ రేఖాంశాలూ తేదీ ఉంటే, ఒక చేతిలో అది సాగుకు రుజువు, ఇంకో చేతిలో ఆక్రమణ కేసుకు సాక్ష్యం. ఆకు బొమ్మే ఇక్కడ బ్యాంకు ఖాతా కంటే బరువైనది. ఆ సంగతి రైతుకు తెలుసు. అందుకే యాప్ ఎంత మంచిదైనా లొకేషన్ అడగగానే వద్దనే హక్కూ, వద్దన్నాక కూడా సలహా పొందే హక్కూ అతనికి ఉండాలి. లేకపోతే ఎవరికి సలహా ఎక్కువ అవసరమో వాళ్లే సేవకు దూరమవుతారు, వ్యాపారానికి అక్కడే గండి పడుతుంది.

భద్రత అంటే గోప్యత ఒక్కటే అనుకుంటే సగమే చెప్పినట్టు. డేటా యథార్థంగా ఉండడం, వేళకు అందుబాటులో ఉండడం కూడా అందులో భాగాలే. యథార్థత తప్పితే ఏమవుతుందో తెలంగాణ ఇప్పటికే చూసింది. సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల జాబితాల్లోని పేర్లను పోల్చి, ఇద్దరూ ఒకే మనిషా కాదా అని తేల్చి, సంక్షేమ పథకాల అర్హతకు ఆధారమిచ్చేది. కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇక్కడ డేటా ఎవరూ దొంగిలించలేదు. ఒకరి పేరు మీద ఇంకొకరి కారు, ఇంకొకరి ఆస్తి పడింది. జూలూరుపాడు వంటి చోట ఈ ప్రమాదం రెట్టింపు. భూక్యా, బానోతు, గుగులోతు, మాలోతు, ధరావతు వంటి కొద్దిపాటి ఇంటిపేర్లే తండాలన్నిటా వినిపిస్తాయి, ఒకే పేరు ఒకే తండాలో పలువురికి ఉండడం మామూలే. అదే పేరును ఒక శాఖలో ఒకలా, మరో శాఖలో ఇంకోలా రాస్తారు. హైదరాబాద్ పేర్ల మీద బాగా కుదిరిన పోలిక సూత్రం తండాలో తప్పడానికే అవకాశం ఎక్కువ. అలాంటి సేవను అమ్మేవాళ్లు మొత్తం మీద ఇంత శాతం కచ్చితత్వం అని ఒక్క అంకె చూపిస్తే సరిపోదు. ఏ సమూహానికి ఎంత తప్పుతోందో విడివిడిగా చూపాలి. నిర్ణయం తీసుకునే ముందు మనిషి చూసే మెట్టు ఒకటి తప్పనిసరిగా ఉంచాలి.

మోడల్ కూడా చెడిపోయే వస్తువే. 2021–22 సీజన్‌లో నల్ల తామర పురుగు ఖమ్మం, మహబూబాబాద్ ప్రాంతాల్లో మిరపను ఊడ్చేసింది. పూతలో గుంపులుగా చేరి పూత రాల్చిన ఈ కొత్త పురుగు వల్ల చాలామంది తోటలు దున్నేశారు. అంతకు ముందటి ఫొటోలతో నేర్చిన ఏ మోడలైనా దీన్ని పాత తామర పురుగుగానే చూస్తుంది, నమ్మకంగా పాత మందే చెబుతుంది. కాబట్టి ఈ వ్యాపారంలో ఖర్చంతా మోడల్ తయారీతో అయిపోదు. ఏటా కొత్త ఫొటోలు, వాటికి కీటక శాస్త్రవేత్తల గుర్తింపు, మళ్లీ శిక్షణ, పాత కూర్పుతో పోల్చి చూడడం, తేడా వస్తే వెనక్కి మళ్లించడం, ఇవన్నీ నడుస్తూనే ఉండాలి. రైతు నేరుగా ఇంత చెల్లించలేడు. ప్రభుత్వమో, రైతు ఉత్పత్తిదారుల సంఘమో, ఎరువుల కంపెనీయో, ఖరీదుదారో కట్టాలి. వీరిలో ఎవరు కడితే సలహా ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. మందులు అమ్మేవాడు డబ్బు కట్టిన సేవ మందు వద్దని చెప్పగలదా అన్నది రైతు అడగాల్సిన ప్రశ్న. నా దృష్టిలో రైతు సంఘమే ఖాతాదారుగా ఉండడం అన్నిటికంటే మేలు, డబ్బు కట్టేవాడి ప్రయోజనమూ పంట వేసేవాడి ప్రయోజనమూ అప్పుడు ఒకటే అవుతాయి.

ఇంత భద్రత పెడితే చిన్న కంపెనీలు బతకవన్నది మరో ఆక్షేపణ. ఇందులో కొంత నిజముంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. పదిమంది పనిచేసే సంస్థకు ఇది బరువే. అయితే క్లౌడ్ అద్దెలో ఈ బరువు సగం ముందే చేరి ఉంటుంది. భవనం కాపలా, కరెంటు, యంత్రాల మరమ్మతు, నిల్వలో డేటాను సంకేతీకరించే సదుపాయం సేవాదారు బాధ్యత. ఎవరికి ఏ అనుమతి ఇచ్చామన్నది మాత్రం వాడుకునే సంస్థ బాధ్యత. 2019లో అమెరికా బ్యాంకు క్యాపిటల్ వన్ సమాచారం క్లౌడ్‌లోంచి పోయిన తీరు ఈ రెండో సగాన్ని కళ్లకు కట్టింది. ఫైర్‌వాల్ అమరికలో ఒక పొరపాటు, ఒక ప్రోగ్రాముకు అవసరానికి మించి ఇచ్చిన అనుమతి, ఈ రెండూ కలిసి 10 కోట్ల మందికి పైగా ఖాతాదారుల, దరఖాస్తుదారుల వివరాలను బయట పెట్టాయి. బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా పడింది. డేటా సంకేత రూపంలోనే ఉంది, కానీ ఆ అనుమతి ఉన్నవాడికి అది విప్పుకుని కనిపించింది. ఇలాంటి పొరపాటును ఆపడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు: ప్రతి ప్రోగ్రాముకు తన పనికి సరిపడా అనుమతే ఇవ్వడం, తాళం చెవులను డేటా పక్కన కాకుండా వేరే చోట ఉంచడం, మూడు నెలలకోసారి అనుమతుల జాబితా చదివి అక్కర్లేనివి కొట్టేయడం. ఓపిక కావాలి, అంతే.

మరి అసలు క్లౌడే ఎందుకు, డేటాను జిల్లా కేంద్రంలో సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. డేటా మన కళ్లముందుంటే భద్రమన్న భావన సహజమే, కానీ సాఫ్ట్‌వేర్ లోపాలు సరిచేయని సర్వర్ బీరువాలో ఉన్నా బజారులో ఉన్నా ఒకటే. పైగా దేశం దాటకూడదన్న పట్టింపు ఉన్నవారికి ఇప్పుడు దూరం సమస్య కాదు. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లోనే క్లౌడ్ ప్రాంతాన్ని తెరిచింది. ఈ ఆక్షేపణలో మిగిలే బలమైన అంశం వేరొకటి: అడవి అంచున సిగ్నల్ అందని చోట్లు ఉన్నాయి, అక్కడ క్లౌడ్ జవాబు వేళకు రాదు. దీనికి వాధ్వానీ ఏఐ సంస్థ పత్తి రైతుల కోసం చేసిన పని దారి చూపింది. లింగాకర్షక బుట్టలో పడిన గులాబీ పురుగుల ఫొటో తీస్తే లెక్కపెట్టి మందు కొట్టాలా వద్దా చెప్పే మోడల్‌ను, నెట్ లేకపోయినా మామూలు ఫోన్‌లోనే నడిచేంతగా కుదించారు. ఫొటో ఫోన్ దాటకుండానే జవాబు వస్తే వేగమూ భద్రతా ఒకేసారి దక్కుతాయి. శిక్షణ క్లౌడ్‌లో, తీర్పు ఫోన్‌లో అన్న ఈ పంపకం మిరపకూ సరిపోతుంది.

పలువురి దగ్గర ఉన్న డేటాను పంచుకోవడానికి కూడా ఒక పద్ధతి ఏర్పడింది. 2023 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి అడెక్స్ అనే వ్యవసాయ డేటా మార్పిడి వేదికను ప్రారంభించాయి, తొలి దశను ఖమ్మం జిల్లాలోనే పెట్టాయి. డేటా ఇచ్చేవారు, వాడుకునేవారు ఒకే నియమాల కింద కలుస్తారు, వ్యక్తిగత వివరాలైతే సమ్మతి కావాలి. అదే నెలలో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. రక్షణ చర్యల్లో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అందులో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. సమ్మతి కాగితం మీద బాగుంటుంది, కల్లం దగ్గర చిక్కులు మొదలవుతాయి. పాసుపుస్తకం భూస్వామి పేర ఉంటే పొలం డేటాకు సమ్మతి ఆయనదా, మందు కొట్టే కౌలు రైతుదా? ఇంట్లో ఒకే ఫోన్ ఉండి ఓటీపీ కొడుకు చదివితే, ఒప్పుకున్నది తల్లా కొడుకా? చట్టం నోటీసును ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఇవ్వమంది. తెలుగు అందులో ఉంది. లంబాడీ, కోయ లేవు. జూలూరుపాడు తండాలో పెద్దామెకు తెలుగు అక్షరాలతో నిండిన తెర మీద ఒప్పుకుంటున్నాను అన్న బొత్తాం చూపిస్తే చట్టానికి సరిపోవచ్చు గానీ, ఆమెకు ఏమీ చెప్పినట్టు కాదు. ఫొటో ఎక్కడికి పోతుంది, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంటుంది, వద్దంటే ఎలా తీసేస్తారు అన్న నాలుగు మాటలను ఆమె ఇంటి భాషలో గొంతుతో రికార్డు చేసి, బొత్తాం నొక్కే ముందు వినిపించడానికి మోడల్ శిక్షణతో పోలిస్తే అయ్యే ఖర్చు లెక్కలోకే రాదు.